పెట్టెలో జుంకీ

జూన్ 3

అక్కా,

‘నువ్వు క్షేమమని తలుస్తాను’ లాంటి మొదలుపెట్టడాలు నాకు చేతకావు. గొంతు దగ్గర పుండు పూర్తిగా మానిందా? స్నానం చేసేటప్పుడు ఆ రంధ్రంలోకి నీళ్ళు పోకుండా చూసుకుంటున్నావా? రెండిటికీ జవాబు రాయి. వెనకటి ఉత్తరంలో ఎదురింటి పిల్లి గురించి పేజీన్నర రాసి, నీ గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఇక్కడి సంగతి ఏం చెప్పను. అమ్మకి చూపు ఈ నెలతో పూర్తిగా పోయినట్టే. నీటికాసులు ముదిరిపోయాయన్నారు. పదహారేళ్ళుగా కళ్ళద్దాల షాపులో ఊరందరి కళ్ళకీ అద్దాలు అరగదీసి బిగిస్తున్నాను, ఇంట్లో మనిషికి మాత్రం ఏ అద్దమూ పనికిరాలేదు.

ఇక అమ్మకి మిగిలింది చెవులే. ఆ చెవుల సంగతి నీకు తెలుసుగా. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్న చెవులు. అవతలివాళ్ళు హలో అనకముందే పేరు పెట్టి పిలిచేది. రోజూ లేవగానే నీ గురించి ఒకటే ప్రశ్న: “వసపిట్ట ఫోన్ చేసిందా?” రికార్డింగులో ఉందన్నాను. జలుబు చేసిందన్నాను. నువ్వు నిద్రపోతుంటే చేసిందమ్మా, లేపొద్దందన్నాను. ఆపరేషన్ చేసి నీ గొంతు తీసేసి ఎనిమిది నెలలు. అమ్మకి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుని నువ్వు హాయిగా కూర్చున్నావు. నా దగ్గర అబద్ధాలు నిండుకున్నాయి అక్కా.

దీనికి తోడు, మధ్యాహ్నం షాపు మూసి నేను అన్నానికి ఇంటికొచ్చే టైములో ఎవడో పనిలేనివాడు ఫోన్ చేసి మాట్లాడకుండా ఊరుకుంటున్నాడు. నిన్న ఎత్తగానే, వాడి ఏడు తరాలనీ పేరుపేరునా తలుచుకుని పెట్టేశాను. “అంత నోరెందుకే” అంది అమ్మ.

ఇప్పుడు అసలు వార్త. జుంకీ టీవీలోకొచ్చి పాతికేళ్ళయిందని బొమ్మ చేశారు! నువ్వు గొంతిచ్చిన నీ జుంకీయే. ముంగిస పిల్ల, చిరిగిన ఎడమ చెవి, పసుపు మఫ్లరు, అన్నీ ఉన్నాయి. మొత్తం అయిదు వేలే చేశారట, ఒక్కోదానికీ ఒక నంబరు. పొట్ట నొక్కితే మాట్లాడుతుందట. ‘మీరు టీవీలో విన్న అదే గొంతు’ అని ప్రకటనలో ఉంది. చూడగానే షాపులోనే అరిచాను. అక్షరాల బోర్డు చదువుతున్న ముసలాయన ఉలిక్కిపడి, మొదటి వరస నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

బుక్ చేసేశాను. అమ్మకి వినిపిస్తాను. నువ్వు “ఆగండాగండి, నేనూ వస్తున్నా!” అంటే అమ్మ ఒక నెలపాటు ఇంకేమీ అడగదు. నేను కాస్త ఊపిరి పీల్చుకుంటాను. సరేనా?

నీ తోక


జూన్ 13

ఒసేయ్ తోకా,

పుండు మానింది. నీళ్ళు పోవడంలేదు, మెడకి రబ్బరు పట్టీ కట్టుకుంటున్నాను. చాలా? ఇక పిల్లి గురించి రాసుకోనీ.

పిల్లి కంటే మా కూరగాయల బండాయన నయం. నేను పలక మీద ‘అరకిలో బెండకాయలు’ అని రాసి చూపిస్తే, నా చెవి దగ్గర నోరు పెట్టి “లేతవేనమ్మా!” అని కేక పెడతాడు. మాట లేనివాళ్ళకి వినపడదని ఆయన సిద్ధాంతం. మొన్న విసుగొచ్చి ‘నాకు చెవుడు లేదు’ అని రాశాను. చదువుకుని, “అయ్యో, అలాగా!” అని ఇంకా గట్టిగా అరిచాడు.

బొమ్మ సంగతి. దాన్ని తెరవకు. అలాంటివి సీలు తీయకుండా దాచుకోవాలి, తీస్తే విలువ పోతుంది. మా స్టూడియోలో సౌండు చూసే ఆయన ఇంటి నిండా ఆ పెట్టెలే. ఒక్కటీ తెరవలేదు. అద్దాల బీరువాలో వరసగా పెట్టి దుమ్ము తుడుచుకుంటూ ఉంటాడు. నువ్వూ అలాగే పెట్టుకో. అయినా అమ్మకి వినిపించడం ఎందుకు? బొమ్మ మాట్లాడితే మనిషి గుర్తొచ్చి ఇంకా బెంగ పెట్టుకుంటుంది. ఇంకో నెల ఏదో ఒకటి చెప్పు. నీకు అబద్ధాలు కొత్తా ఏమిటి? నా పెన్ను విరగ్గొట్టి పిల్లి మీదకి తోసిన మనిషివి.

జుంకీ చెప్పే ఆ మాట ఎక్కడిదో నీకు గుర్తుందా? బడికి నేను నా స్నేహితురాళ్ళతో ముందు నడిచేదాన్ని. నువ్వు కుడిచెప్పు ఎడమకాలికి వేసుకుని వెనకాల పరిగెత్తుకొచ్చేదానివి, “ఆగండాగండి, నేనూ వస్తున్నా!” అంటూ. నేను ఆగేదాన్ని కాదు. అందుకే అమ్మ నీకు తోకని పేరు పెట్టింది. జుంకీకి గొంతు కావాలని నన్ను పిలిచినప్పుడు, అయిదుగురు అన్నదమ్ముల్లో చివరిది, అందరూ వదిలేసి వెళ్ళిపోతుంటారు అని కథ చెప్పారు. నాకు ఆలోచించే పనే లేకపోయింది. “ఎక్కడ పట్టావమ్మా ఈ గొంతు?” అంటే “మా ఇంట్లో ఉంది ఒకటి” అన్నాను.

తెరవకు. నా మాట విను.

అక్క


జూన్ 26

అక్కా,

పెట్టె వచ్చింది. నంబరు 2317. ముందు వైపు గాజులాంటి అట్ట, లోపలినుంచి జుంకీ రెండు చేతులూ చాపి నన్నే చూస్తోంది. ఎత్తుకోమంటున్నట్టుంది. దీన్ని బీరువాలో పెట్టి దుమ్ము తుడవమంటావు!

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. విలువ పోతుందా? దేని విలువ అక్కా? పక్కగదిలో అమ్మ గోడ తడుముకుంటూ ఫోన్ దగ్గరికి వెళ్ళి, రిసీవర్ ఎత్తి, లైను ఉందో లేదో చూసి మళ్ళీ పెడుతోంది. రోజుకి ఎన్నిసార్లో. నీకు అట్టపెట్టె ముఖ్యమైంది.

నీకు ఆపరేషనంటే, అమ్మని పక్కింటావిడకి అప్పగించి వచ్చి పదిహేను రోజులు నీ పక్కన ఉన్నాను. నేను దెప్పడంలేదు. కానీ నీ కాళ్ళకేమీ ఆపరేషన్ కాలేదు కదా? ఎనిమిది నెలల్లో ఒక్కసారి బస్సెక్కి రాలేకపోయావు. ఎప్పుడూ ‘వచ్చే నెల చూద్దాం’.

ఇంకొకటి. ఇదివరకు ఉత్తరం చివర ‘వసపిట్ట’ అని రాసేదానివి. ఇప్పుడు ఉత్త ‘అక్క’. ఆ పేరుకి కూడా సీలు వేసి దాచావా?

ఆదివారం తెరుస్తున్నాను. ఇది నిన్ను అడగడం కాదు, చెప్పడం.

చెల్లెలు


జులై 1

అక్కా,

తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పావు, నేను వినలేదు. మనింట్లో ఇది కొత్త కాదు.

అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పెట్టె ఒళ్ళో పెట్టాను. “ఏమిటే, చెప్పులా?” అంది. మా ఆయన సీలు కోయడానికి కత్తెర తెస్తే వద్దని, గోటితో తనే మెల్లగా ఒలిచింది. పైన అట్ట, లోపల గరగరలాడే పల్చటి కాగితం, దాని కింద జుంకీ. నడుముకీ మెడకీ ప్లాస్టిక్ దారాలు వేసి వెనక అట్టకి కట్టేశారు. “పసిదాన్ని ఇలా కట్టేశారేమే” అని ముళ్ళన్నీ అమ్మే విప్పింది. ముఖం తడిమింది, మఫ్లరు తడిమింది, చిరిగిన చెవి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. “ఇది మన వసపిట్ట ముంగిస కదూ!” అంది. అప్పుడు అమ్మ ముఖం నువ్వు చూడాల్సింది.

నేను బ్యాటరీ దగ్గరి కాగితం లాగి పొట్ట నొక్కాను. “ఆగండాగండి, నేనూ వస్తున్నా!”

నాకు ఏడుపొచ్చింది. అచ్చం నువ్వే. మా ఆయన కూడా “వదినగారే!” అన్నాడు.

అమ్మ ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని తల ఒక పక్కకి వంచేది చూడు, అలా వంచింది. “మళ్ళీ నొక్కు” అంది. మళ్ళీ నొక్కాను. “ఇంకోసారి.” మూడోసారి అయ్యాక బొమ్మని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టింది.

“ఎవరే ఈ అమ్మాయి?”

“అక్కేనమ్మా.”

“కాదు. బాగానే చెప్పింది పాపం. కానీ మన పిల్ల కాదు. మధ్యలో వెక్కు లేదు.”

వెక్కేమిటన్నాను. “‘ఆగండాగండి’కీ ‘నేనూ’కీ మధ్య చిన్న వెక్కు ఉంటుంది. చిన్నప్పుడు దాని వెనక పరిగెత్తుతూ ఏడుపు మింగేదానివి కదా, ఆ వెక్కే. అది నీ దగ్గర పట్టుకుంది. పాతికేళ్ళుగా టీవీలో అది ‘ఆగండాగండి’ అన్నప్పుడల్లా నాకు మీ ఇద్దరూ కనపడేవాళ్ళు. ఇందులో ఎవరూ లేరు.”

బొమ్మలో మిషన్ చిన్నది కదా, సరిగా పలకదు అని ఏదో అన్నాను. “వసపిట్ట గొంతుకేమైందే?” అని అడిగింది. చూపులేని మనిషి నా ముఖంలోకి చూస్తూ అడిగింది అక్కా. నావల్ల కాలేదు. చెప్పేశాను. ఒట్టు తప్పాను, ఏ పాపం తగిలినా నాకే తగలనీ.

అమ్మ ఏడవలేదు. “ఎనిమిది నెలలు పిల్ల లైన్లోకి రాకపోతే లైను తెగిందని నాకు తెలియదా? ఎలా తెగిందో తెలియదు, అంతే. మీరు చెప్పలేదు, నేను అడగలేదు. ఎక్స్ఛేంజిలో మొదటిరోజే చెప్తారు, విన్నది విననట్టు ఉండాలని” అంది. మళ్ళీ తనే, “మధ్యాహ్నం ఫోన్ చేసి ఊరుకునేది ఎవరనుకున్నావు?” అంది.

అది నువ్వా? నేను తిట్టింది నీ ఏడు తరాలనా? అవి నావి కూడా కదక్కా!

అమ్మ చెప్పమన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “మాట రాకపోతే మానె. ఫోన్ చేసి ఊరికే ఉండమను. ఊపిరి నాకు తెలుస్తుంది. ఒకసారి వచ్చి కనపడమను.” కనపడమంది. తనకి కళ్ళు లేవని అమ్మకి అప్పుడప్పుడూ గుర్తుండదు.

ఆ బొమ్మలో ఉన్నది ఎవరక్కా?

తోక


జులై 9

తోకా,

అవును, నేనే. నా నంబరు పడకూడదని వీధి చివర మందుల షాపు నుంచి చేసేదాన్ని, అమ్మ ఒక్కసారి హలో అంటుందేమోనని. ఎప్పుడూ నువ్వే ఎత్తేదానివి. నీ తిట్లకి అక్కడే నిలబడి భుజాలు అదిరేలా నవ్వాను. నా నవ్వుకి చప్పుడు లేదు కాబట్టి షాపువాళ్ళకి తెలియలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను, దానికీ చప్పుడు లేదు.

ఆ అమ్మాయి కొత్తమ్మాయి. ఇరవై రెండేళ్ళు. నా ఆపరేషన్ అయిన మూడో నెలలో స్టూడియోవాళ్ళు వచ్చి, ‘జుంకీ ఆగిపోకూడదు, మీరే నేర్పాలి’ అన్నారు. మూడు వారాలు ఆ అద్దాల గదిలో దాని పక్కన కూర్చున్నాను. పలక మీద రాసేదాన్ని: ‘ఇక్కడ ఊపిరి తీసుకో.’ ‘ముక్కుతో కాదు.’ ‘నవ్వు కనపడకూడదు, వినపడాలి.’ మంచి పిల్ల. తొందరగా పట్టుకుంది. చివరిరోజు దాని గొంతూ నా పాత గొంతూ పక్కపక్కన వేసి వినిపిస్తే, సౌండు చూసే ఆయనే ఏది ఎవరిదో చెప్పలేకపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

అన్నీ నేర్పాను. ఆ వెక్కు మాత్రం నేర్పలేదు. అది నీది. ఇవ్వబుద్ధి కాలేదు. అమ్మ దాన్నే పట్టుకుంటుందని నాకు తట్టలేదు.

నీకెందుకు చెప్పలేదంటావు. టీవీలో పోయింది, ఫోన్లో పోయింది, ఇంట్లో పోయింది. కనీసం నీ బీరువాలో, ఒక మూసిన పెట్టెలో, నా గొంతు ఉందని నువ్వు అనుకుంటూ ఉండాలని ఆశపడ్డాను. అందుకే తెరవొద్దన్నాను. విలువ గురించి రాసిందంతా కోతలు.

నిన్న నాలుగింటికి ఫోన్ చేశాను. అమ్మే ఎత్తింది. “వచ్చావా” అంది, అంతే. నా మెడలోని రంధ్రం దగ్గర రిసీవర్ పెట్టాను. చాలాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం. “జలుబు చేసినట్టుంది, వేడినీళ్ళు తాగు” అంది.

వస్తాను. కానీ ఇలా రాలేను. మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ దగ్గరికి వెళ్తున్నాను. గొంతుకి ఆనించి పట్టుకుంటే పెదాల కదలికని మాటగా చేసే చిన్న మిషన్ ఉంది. ఇప్పటికి ‘అమ్మా’ అన్నా ‘అరటిపండు’ అన్నా ఒకటే మోత, పిండిమరలా. ఒక్క మాట, ‘అమ్మా’ అన్నది సరిగ్గా రానీ. వెంటనే బస్సెక్కుతాను. అంతవరకూ రోజూ నాలుగింటికి ఫోన్.

అక్క


ఆగస్టు 4

అక్కా,

మూడున్నర నుంచే అమ్మ ఫోన్ పక్కన కుర్చీ వేయించుకుంటోంది. నువ్వు రిసీవర్ మీద గోటితో ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు, భలే కనిపెట్టారు ఇద్దరూ. నిన్న పక్కింటావిడ మీద చాడీలన్నీ నీకు చెప్పి, “ఏమంటావు, తప్పెవరిది?” అని అడిగి, నీ గోటి చప్పుడు విని, “అదీ, నా కూతురంటే!” అంది. నన్ను ఎప్పుడైనా అలా అందా?

కానీ అమ్మ చిక్కిపోయింది. గది దాటితే ఆయాసం. గుండె బాగా అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. ‘రోజులు నేను చెప్పలేను, రావాల్సినవాళ్ళని రమ్మనండి’ అన్నాడు. రావాల్సింది నువ్వొక్కదానివే.

జుంకీని పక్కలోనే పెట్టుకుంటోంది. పొట్ట మాత్రం నొక్కనివ్వదు. “ఆ పిల్లనెందుకు ఊరికే పిలవడం” అంటుంది.

మాట కోసం ఆగకు. అమ్మ నిన్ను మాట అడగలేదు. రా.

తోక


ఆగస్టు 11

తోకా,

ఇంకో పదిరోజులు ఓర్చుకో. మొన్న ‘అ’ బాగా వచ్చింది. మేడమ్ ఇరవైన చివరి క్లాసు పెట్టింది. ఇరవై ఒకటి ఉదయం బస్సుకి టికెట్ తీసుకున్నాను. అమ్మకి చెప్పకు. గుమ్మంలో నిలబడి ‘అమ్మా’ అని పిలుస్తాను, తల వంచి వింటుంది, చూద్దువుగాని.

పుట్టిన దగ్గర్నుంచి నోరు మూయని పిల్లనని నాకా పేరు పెట్టింది. మూగదానిలా ఆ గుమ్మం తొక్కలేనే. పదే రోజులు.

మళ్ళీ కాబోయే వసపిట్ట


సెప్టెంబరు 6

తోకా,

నువ్వు రాయవని తెలుసు. అందుకే నేనే మొదలుపెట్టాను.

నేను అక్కడున్న పదిరోజుల్లో అన్నం పెట్టావు, పక్క వేశావు, నా ముఖం మాత్రం చూడలేదు. నీ కోపం న్యాయం. దాన్ని తగ్గించుకోమని ఇది రాయడంలేదు. నీకు తెలియనిది ఒకటుంది, అది తెలిశాక కోపం పెరుగుతుంది. పెరిగినా చెప్పాలి. మనం దాచినవి చాలు.

ఆ మాట నాకు ఇరవైన రాలేదు. పదమూడునే వచ్చింది. క్లాసులో మిషన్ పట్టుకుని ‘అమ్మా’ అన్నాను, మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ సాయంత్రమే బస్సెక్కొచ్చు. ఇంకొంచెం బాగా రావాలి, ఇంకొంచెం మనిషి గొంతులా ఉండాలి అని ఆగాను. పాతికేళ్ళు ఒక్కో మాటని పదేసిసార్లు చెప్పి, బాగున్నదాన్ని ఉంచుకుని బతికినదాన్ని. అదే అలవాటు ఇక్కడా చేశాను. అమ్మ పద్దెనిమిదిన పోయింది. చేతిలో అయిదు రోజులుండి నేను రాలేదు.

కబురందుకుని వచ్చి మీ వీధి మొదట్లో ఆటో దిగేసరికి అమ్మని బయటికి తెచ్చి ఎత్తారు. జనం అడ్డంగా ఉన్నారు. నేను పరిగెడుతున్నాను, అరవాలంటే అరుపు లేదు. అప్పుడు నీ గొంతు వినపడింది. “ఆగండాగండి, అక్క వస్తోంది!”

ఆ మధ్యలో వెక్కు ఉంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషివి, ఒక కాలికి చెప్పు లేకుండా నా కోసం వాళ్ళకి అడ్డం పడి ఏడుపు మింగుతున్నావు. చిన్నప్పుడు నేను ఒక్కరోజూ ఆగలేదు నీ కోసం. నువ్వు ఊరందర్నీ ఆపావు. ఆ మాట చెప్పుకునే నేను పాతికేళ్ళు అన్నం తిన్నాను, ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదని ఆ రోజు తెలిసింది.

అమ్మ చెవి దగ్గర కూర్చుని మిషన్ పెట్టుకుని పిలిచాను. స్పష్టంగా వచ్చింది. నువ్వూ విన్నావు. ఆ చప్పుడుకి చుట్టూ ఉన్న పిల్లలు బెదిరి వెనక్కి జరిగారు. అమ్మ ఒక్కతే బెదరలేదు.

వచ్చేముందు నీ బీరువా తెరిచాను, క్షమించు. జుంకీ పెట్టెలో నా ఉత్తరాలన్నీ తేదీల వరసగా ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోయేలా ఉన్నాయి. ఎన్నిసార్లు చదివి వినిపించావో అమ్మకి. పిల్లి గురించి రాసిన పేజీన్నర మీద ఏదో ఒలికిన మరక ఉంది. అమ్మ నవ్వి ఒలకబోసిందనుకుంటాను. అలాగే అనుకోనీ.

మా ఇంటికి కూడా ఒక పెట్టె వచ్చింది, కంపెనీవాళ్ళు కృతజ్ఞతలని రాసి పంపారు. నిన్న గోటితో సీలు ఒలిచి, దారాలు విప్పి, జుంకీని కిటికీలో కూర్చోబెట్టాను. పొట్ట నొక్కలేదు. ఆ పిల్లనెందుకు ఊరికే పిలవడం.

నాలుగయ్యేసరికి నా చెయ్యి ఫోన్ మీదకి పోతోంది. ఇన్ని రోజులూ ఆపుకున్నాను. ఈ ఉత్తరం నీకు అందే వేళకి, ఒక మధ్యాహ్నం చేస్తాను. నువ్వు అన్నానికి ఇంటికొచ్చి ఉంటావు. ఎత్తు. తిట్టాలనిపిస్తే తిట్టు, ఏడు తరాలూ మనవే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు, పెట్టెయ్యకుండా ఊరికే ఉండు.

ఊపిరి నాకు తెలుస్తుంది.

నీ వసపిట్ట